సర్కారు తెరమీద భట్టీ నవ్వు

పార్లమెంటు పత్రికా గ్యాలరీలో కూర్చుని కింద సాగే కేకలు వింటున్నప్పుడల్లా నాకు జస్పాల్ భట్టీ గుర్తుకు వస్తారు. గొంతు పెంచకుండానే ఎదుటివాణ్ణి నిరుత్తరుణ్ణి చేయవచ్చునని నేను తెలుసుకున్నది ఆయన వల్లనే.

1989లో నేను కోస్తా జిల్లాలో ఆంగ్ల సాహిత్య విద్యార్థిని. వసతిగృహంలో ఉన్న ఒకే ఒక టెలివిజన్ ముందు నేలమీద కూర్చుని దూరదర్శన్‌లో ఆయన 'ఫ్లాప్ షో' చూసేవాళ్లం. హిందీ మాకు సగమే తెలిసేది; నవ్వు మాత్రం పూర్తిగా వచ్చేది. తలపాగా, గడ్డం, ఏమీ ఎరగనట్టుండే ముఖం. దొంగ వైద్యబిల్లులు, మోగని టెలిఫోను, పరిశోధక విద్యార్థి చేత ఇంటిచాకిరీ చేయించుకునే ఆచార్యుడు, ఇంజనీరుతో లాలూచీపడిన కాంట్రాక్టరు - ఇవీ ఆయన కథావస్తువులు. మాలో ఒకడు కాంట్రాక్టరు కొడుకు. ఆ భాగం వచ్చిన రాత్రి అందరికంటే గట్టిగా నవ్వినవాడు అతడే. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. లంచం పుచ్చుకునే చేతినే కాక ఇచ్చే చేతినీ చూపించడం భట్టీ హాస్యంలోని నిజాయితీ.

వచ్చినవి పది భాగాలే. అయితే ఒక సంగతి గమనించాలి. ఆనాడు దూరదర్శన్ ప్రభుత్వ శాఖ; దానికి పోటీ లేదు. సర్కారు తెరమీదనే సర్కారు యంత్రాంగం నవ్వులపాలైంది. రాజ్యమేమీ కూలిపోలేదు.

విద్యుత్ ఇంజనీరింగ్ చదివిన భట్టీ చివరకు కరెంటు కోతల మీదనే 'పవర్ కట్' అనే చిత్రం తీశారు. అది విడుదల కావలసిన ముందురోజు, 2012 అక్టోబరు 25న, పంజాబ్‌లోని షాకోట్ వద్ద రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. 2013లో కేంద్రం ఆయనకు మరణానంతరం పద్మభూషణ్ ప్రకటించింది. తనను చూసి నవ్విన మనిషిని రాజ్యం గౌరవించడం ముచ్చటైన విషయమే.

కాని 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారూఖీ అనే యువ హాస్యకారుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా, నెలకు పైగా, అతడు జైలులోనే ఉన్నాడు. అతని హాస్యం అందరికీ రుచించాలని లేదు. రుచించని హాస్యానికి మందు లేచి వెళ్లిపోవడమే గాని జైలు కాదు.

అప్పుడు మనకున్నది ఒకే ఛానెల్. నేడు వందలున్నాయి. 'ఫ్లాప్ షో' వంటి కార్యక్రమాన్ని ఈనాడు ఎవరైనా తీసుకువస్తే వీటిలో ఎన్ని ధైర్యంగా ప్రసారం చేస్తాయి? నాకు తోచే సమాధానం మాత్రం నవ్వు తెప్పించేది కాదు.