సెలవులు ఇంటిల్లిపాదికీ... మరి ఇల్లాలికి?

దసరా సెలవులంటే పిల్లలకు ఆటలు, పెద్దలకు ఊరి ప్రయాణాలు, ఇల్లాలికి మాత్రం ఓవర్‌టైమ్. 2025లో మన తెలంగాణ బడులకు సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 దాకా 13 రోజులు సెలవులిచ్చారు. పొద్దున్నే లంచ్‌బాక్సులు సర్దే హడావుడి తప్పింది, నిజమే. కానీ ఆ స్థానంలో ఒక్కొక్కరు ఒక్కో వేళకు లేవడం, ఒక్కో వేళకు టిఫిన్లు, మధ్యలో చిరుతిళ్లు వచ్చి చేరాయి. ఉప్పల్ రింగ్‌రోడ్డులో వరంగల్ బస్సు దిగి వచ్చే చుట్టాలు సరేసరి. సద్దుల బతుకమ్మనాడు పెరుగు, నువ్వులు, కొబ్బరి, చింతపండు సద్దులన్నీ కలిపేదీ ఆ రెండు చేతులే.

ఇలాంటప్పుడే ఎవరో ఒకరు సలహా చెప్తారు. సెలవుల్లో విశ్రాంతి తీసుకోండి, తెల్లవారకముందే లేచి నడవండి, ప్రాణాయామం చేయండి, మంచి అలవాట్లు మొదలుపెట్టండి అని. మంచి మాటలే. కానీ అయిదింటికి లేచే మనిషిని నాలుగున్నరకే లేవమంటే అది విశ్రాంతి ఎలా అవుతుందండీ? ఇంకో పని అవుతుంది. నా ఉద్దేశంలో సెలవుల్లో ముందు మారాల్సింది ఇల్లాలి అలవాట్లు కాదు, ఇంటి అలవాట్లు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. అసలు చెయ్యి వెయ్యని మగవాళ్లు ఈ లెక్కలోకి రానే రారు! 2019 సర్వేలో ఇవే అంకెలు 299, 97. మనకు 10 నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే, వాళ్లకూ 9 తగ్గాయి.

నాచారం పారిశ్రామికవాడనే చూడండి. మిషను దగ్గర నిలబడే కార్మికుడికి వారానికో సెలవు ఉండాలనీ, పనిచేసిన ప్రతి 20 రోజులకూ ఒక రోజు జీతంతో సెలవు లెక్కకట్టాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. అదే ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషి ఇంటికి రాగానే ఇంకో షిఫ్టు ఎక్కుతుంది. ఆ షిఫ్టుకు సైరనూ లేదు, సెలవూ లేదు.

2021 జనవరిలో సుప్రీంకోర్టులో ఒక కేసు తీర్పు వచ్చింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పిల్లలకు ఇవ్వాల్సిన పరిహారం గురించి అది. అందులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ గారు, ఇల్లాలి పనికి విలువ లేదనుకోవడం సరికాదని, ఆమెకూ ఆదాయం ఉన్నట్టే లెక్కకట్టాలని వివరంగా రాశారు. సంతోషం! కానీ మన పని విలువ మనం పోయాకే తేలాలా? ఉండగానే ఇంట్లోవాళ్లకు తెలిస్తే మంచిది కదా!

అందుకు సెలవులకన్నా మంచి సమయం లేదు. వీధి చివర స్కూలు బస్సు హారన్ కొడుతుంటే పదేళ్లవాడికి దోసె వెయ్యడం నేర్పలేం. సెలవుల్లో నేర్పొచ్చు. ఒకటి మాడితే మాడనీయండి. నల్లా ఏ రోజు ఏ వేళకు వస్తుందో, పాలకు ఎంత బాకీ ఉందో, మినప్పప్పు ఏ డబ్బాలో ఉందో ఇంట్లో ఇంకొకరికి తెలియాలి. "ఏమండీ, రేపటి నుంచి సాయంత్రం టీ మీ వంతు" అని నవ్వుతూనే చెప్పొచ్చు. "ఇంతోటిదానికి వాళ్లనెందుకు, నేనే చేసుకుంటే త్వరగా అయిపోతుంది" అనే మాట మాత్రం మనం కూడా వదిలిపెట్టాలి. ఆ మాటే ఏళ్ల తరబడి మనల్ని పొయ్యి ముందు నిలబెట్టింది.

"అత్తగారేమనుకుంటారో" అంటారా? నలభయ్యేళ్లు ఒక్క సెలవూ ఎరగకుండా ఇల్లు ఈదిన మనిషి ఆవిడ. ఆవిడనీ వెంట తీసుకెళ్లండి. 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. నాచారం నుంచి ఉప్పల్ శిల్పారామం ఎంత దూరమని? మనల్ని ఆపుతున్నది ఖర్చు కాదు, "ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అన్న ప్రశ్న.

ఇంకొక్క మాట. మన విశ్రాంతి పనిమనిషి నడుం మీద పడకూడదు. చుట్టాలొచ్చి అంట్లు రెట్టింపయ్యేది పండుగలప్పుడే. ఆమె వాకిట్లోనూ బతుకమ్మ ఉంటుంది. ఆమెకు సెలవిచ్చి, జీతం కొయ్యకుండా, ఆ పూట అంట్లు ఇంటిల్లిపాదీ పంచుకుంటేనే ఇల్లు మారినట్టు.

మధ్యాహ్నం ఒక గంట తలుపు దగ్గరగా వేసుకుని నిద్రపోండి, పుస్తకం చదవండి, ఏమీ చెయ్యకుండా కూర్చున్నా తప్పులేదు. అలవాట్లు మార్చుకోవాలన్న ఆలోచన రావడానికైనా ముందు ఒళ్లు కాస్త తేరుకోవాలి కదా! 13 రోజులూ రాణీగారిలా ఉండక్కర్లేదు. 14వ రోజున బడి తెరిచాక కనీసం రెండు పనులు మళ్లీ మన చేతికి రాకుండా ఉంటే చాలు, సెలవులు సద్వినియోగమైనట్టే. ఆ రెండు పనులేమిటో ఇవాళే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఏమంటారు?