నాబోతు తోట పత్రాలు ఎవరి కంప్యూటర్‌లో ఉన్నాయి?

ఆదివాసీల భూమి కేసులు నడిపే చిన్న లాయరు ఆఫీసు తలుపుకు తాళం ఉంటుంది, లోపలి కంప్యూటర్‌కు ఉండదు. పాస్‌వర్డ్ ఉన్నా, అది మానిటర్ పక్కన చీటీ మీద రాసి అతికించి ఉంటుంది. కొరాపుట్, జయపూర్, రాయగడ, గుణుపూర్ కోర్టుల చుట్టూ తిరిగే మనవాళ్లందరికీ ఇది తెలుసు. తెలిసీ ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే కంప్యూటర్ భద్రత అంటే పెద్ద నగరాల కంపెనీల వ్యవహారమనీ, సంఘానికీ పాస్టర్లకూ దానితో పనిలేదనీ మనలో చాలామంది అనుకుంటున్నారు. ఆ ఆలోచన తప్పు. అంతే కాదు, అది పేదవాడి ప్రాణానికే ప్రమాదం.

1 రాజులు 21వ అధ్యాయం తెరిచి చూడండి. నాబోతు ద్రాక్షతోట మీద అహాబు కన్ను పడింది. నాబోతు ఇవ్వనన్నాడు. అప్పుడు యెజెబెలు సైన్యాన్ని పంపలేదు. ఉత్తరాలు రాసింది. రాజు పేరున రాసి, రాజు ముద్ర వేసి, ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసం చాటించారు, ఇద్దరు అబద్ధ సాక్షులను కూర్చోబెట్టారు. దేవదూషణ, రాజద్రోహం అని రెండు నేరాలు మోపారు. నాబోతును రాళ్లతో కొట్టి చంపారు, తోట రాజుదైంది. అంటే ఆ భూ ఆక్రమణ దొంగ పత్రంతో మొదలైంది. ఈ ఉత్తరం నిజమైనదేనా అని ఆ ఊరి పెద్దల్లో ఒక్కరూ అడగలేదు.

ఇది పాత కథ అనుకునేవాళ్లు మన కొండల వైపు చూడాలి. రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో బాక్సైట్ వద్దన్నందుకు 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ గనులు వద్దన్నాయి. ఇప్పుడు సిజిమాలి వంతు. 2023లో జరిగినట్టు చూపిన గ్రామసభల తీర్మానాలు నకిలీవని అక్కడి గ్రామస్తులు ఆరోపిస్తున్నారు. ఈ పోరాటాలన్నిటిలో చివరికి తేల్చేది కాగితమే. తీర్మానం, వేలిముద్ర, పట్టా, అటవీ హక్కుల దరఖాస్తు, ఎఫ్ఐఆర్, వకాలత్‌నామా. ఒకప్పుడు ఇవి లాయరు బీరువాలో ఉండేవి. ఇప్పుడు లాయరు లాప్‌టాప్‌లో, గుమస్తా పెన్‌డ్రైవ్‌లో, కోర్టు ఎదురుగా ఉన్న డీటీపీ షాపు కంప్యూటర్‌లో, పదిమంది ఫోన్లలోని వాట్సాప్‌లో ఉన్నాయి.

ఆ దారి ఎలా ఉంటుందో చూడండి. కోందు స్త్రీ తన భాషలో చెబుతుంది. దుబాసీ దాన్ని ఫోనులో రికార్డు చేస్తాడు. లాయరు ఒడియాలో రాస్తాడు. షాపువాడు టైపు చేసి ప్రింటు తీస్తాడు, ఫైలు అక్కడే మిగిలిపోతుంది. కటక్ హైకోర్టుకు వెళ్లాల్సిన కేసైతే ఆధార్ కార్డుతో సహా అంతా ఫోటోలుగా మారి వందల కిలోమీటర్లు వెళుతుంది. ఆ తల్లికి ఫోను లేదు, ఈమెయిల్ అంటే ఏమిటో తెలియదు. అయినా ఆమె వేలిముద్ర, ఆమె సాక్షుల పేర్లు ఎన్నో చోట్ల తాళం లేకుండా పడి ఉన్నాయి. ఈ ప్రమాదం మోసేది లాయరు కాదు, ఆమె.

భీమా కోరెగావ్ కేసును మన యువత మరచిపోకూడదు. నాగపూర్‌లో దళితుల, ఆదివాసీల కేసులు వాదించిన సురేంద్ర గాడ్లింగ్ అనే న్యాయవాదిని 2018 జూన్ 6న అరెస్టు చేశారు. ఆయన కంప్యూటర్‌లో దొరికాయన్న ఉత్తరాలే ఆయన మీద సాక్ష్యం. అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ ఆ హార్డ్‌డిస్క్ కాపీని పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. 20 నెలలకు పైగా ఎవరో నెట్‌వైర్ అనే మాల్‌వేర్‌తో ఆ కంప్యూటర్‌లో చొరబడి ఉన్నారని, ఆయనకు తెలియకుండా ఫైళ్లు పెట్టారని అందులో ఉంది. అదే కేసులో రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి ఆ మాల్‌వేర్ ఎలా వచ్చిందో తెలుసా? మన తెలుగు కవి వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి వచ్చిన ఒక ఫైలు తెరవడం వల్ల అని అదే సంస్థ చెప్పింది. తెలిసిన పేరు, నమ్మకమైన మనిషి, మామూలు ఫైలు. ఫాదర్ స్టాన్ స్వామి కంప్యూటర్‌లోనూ 2014 నుంచి 2019 వరకు ఇదే జరిగిందని 2022 డిసెంబరులో నివేదిక వచ్చింది. అప్పటికే ఆయన లేరు. 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో, బెయిలు కోసం ఎదురుచూస్తూ ముంబయి ఆసుపత్రిలో కస్టడీలోనే చనిపోయారు.

ఈ నివేదికలను ఎన్ఐఏ ఒప్పుకోలేదు. ఆ పని ఎవరు చేశారో ఆర్సెనల్ కూడా పేరు పెట్టి చెప్పలేదు. అయినా మనం నేర్చుకోవాల్సింది స్పష్టంగానే ఉంది. యెజెబెలుకు రాజముద్ర కావలసి వచ్చింది. ఈ కాలపు యెజెబెలుకు నాబోతు లాయరు కంప్యూటర్ తెరిచి ఉంటే చాలు.

ఇక్కడ మూడు వాదనలు వినిపిస్తాయి. మూడూ సంఘంలోనే వింటున్నాం.

మొదటిది, "మనం దాచుకోవడానికి ఏముంది? వెలుగు బిడ్డలం కదా." పాస్టరు దగ్గర ఒక సహోదరి కన్నీళ్లతో చెప్పుకున్న మాట ఆదివారం ప్రకటనల్లో చదువుతామా? చదవం. అది ఆమె మాట, మనది కాదు. కక్షిదారు లాయరుకు చెప్పిన మాట కూడా అంతే. భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ ఆ మాటను కాపాడుతుంది. నేరం చేయడానికి సలహా అడిగితే తప్ప, ఆ రహస్యం చెప్పమని లాయరును బలవంతపెట్టకూడదు. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. లాయరు డిజిటల్ పరికరాలను కోర్టు ముందే సమర్పించాలి, లాయరు సమక్షంలోనే తెరవాలి, మిగతా కక్షిదారుల రహస్యాలకు భంగం కలగకూడదు అంది. చట్టం ఇంత గోడ కట్టింది. మనం వెనక తలుపు తెరిచి పడుకుంటే ఆ గోడ ఎందుకు?

రెండవది, "వాళ్లు తలచుకుంటే ఏమైనా చేస్తారు, మన జాగ్రత్తలు ఏం ఆపుతాయి?" పెగాసస్ లాంటి దాన్ని రాయగడ లాయరు ఆపలేడు, నిజమే. కానీ నెట్‌వైర్ పెగాసస్ కాదు. ఇంటర్నెట్‌లో బాహాటంగా అమ్మిన మామూలు సరుకు. ఒక అటాచ్‌మెంట్ తెరిస్తేనే లోపలికి వచ్చింది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లను కూడా స్తంభింపజేసింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే విడుదల చేసింది, అప్‌డేట్ చేసుకోని కంప్యూటర్లే పడిపోయాయి. ఇంకో మాట. హార్డ్‌డిస్క్ కాపీ ముద్దాయిల చేతికి వచ్చింది కాబట్టే ఆర్సెనల్ దాన్ని పరీక్షించగలిగింది. జాగ్రత్త దాడిని ఆపకపోయినా, దాడి జరిగిందని రుజువు చేయడానికి పనికొస్తుంది.

మూడవది, "దేవుడు చూసుకుంటాడు." నెహెమ్యా ప్రార్థన చేశాడు, కావలివాళ్లనూ పెట్టాడు. గోడ కట్టేవాళ్లు ఒక చేత్తో పని చేస్తూ ఇంకో చేత్తో ఆయుధం పట్టుకున్నారు. కావలి పెట్టినందుకు అతని విశ్వాసం తక్కువని ఎవరూ అనలేదు.

కాబట్టి పని గురించి మాట్లాడదాం. చిన్న ఆఫీసుకు కావలసినవి పెద్ద ఖర్చులు కావు.

దొంగ విండోస్ తీసేయండి. షాపువాడు ఉచితంగా వేసిన దానితోపాటు ఇంకేం వేశాడో మీకు తెలియదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. కొత్తది కొనలేకపోతే ఉబుంటు లాంటి ఉచిత లినక్స్ ఉంది, పిటిషన్లు రాయడానికి సరిపోతుంది. ఆఫీసు లాప్‌టాప్ పిల్లల ఆటలకు ఇవ్వకండి. గుమస్తాకు వేరే లాగిన్ పెట్టండి. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయండి, బస్సులో బ్యాగు పోయినా ఫైళ్లు పరాయివాడి చేతికి చిక్కవు. ఈమెయిల్‌కు, వాట్సాప్‌కు రెండంచెల ధృవీకరణ పెట్టండి. మీ ఖాతా దొంగ చేతికి పోతే మీ పేరే ఇంకొకరికి ఉచ్చు అవుతుంది. వాట్సాప్‌లో లింక్ అయిన పరికరాలు ఏవో వారానికోసారి చూడండి. అనుకోని ఫైలు వస్తే, పంపిన మనిషికి ఫోను చేసి అడిగాకే తెరవండి. డీటీపీ షాపులో పని అయ్యాక ఫైలు డిలీట్ చేయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. వీలైతే టైపింగ్ ఆఫీసులోనే పెట్టుకోండి.

బ్యాకప్ గురించి యిర్మీయా 32వ అధ్యాయం చదవండి. యెరూషలేము ముట్టడిలో ఉంది, ప్రవక్త చెరలో ఉన్నాడు. అయినా అనాతోతు పొలం కొన్నాడు, క్రయపత్రం రాయించాడు, సాక్షులను పెట్టాడు. ముద్ర వేసినది ఒకటి, ముద్ర లేనిది ఒకటి, రెండింటినీ బారూకు చేత మట్టికుండలో పెట్టించాడు, చాలా కాలం నిలవాలని. మన కుండలు రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు. రెండూ ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, ఒకటి ఆఫీసులో, ఇంకొకటి వేరే ఊళ్లో నమ్మకస్తుల ఇంట్లో ఉండాలి. పని లేనప్పుడు కంప్యూటర్ నుంచి తీసి ఉంచాలి.

సోదా వచ్చిన రోజున ఏం అడగాలో ముందే తెలిసి ఉండాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు వీడియో తీయాలి. పరికరం తీసుకుంటే దాని హాష్ విలువ రాసివ్వమని పట్టుబట్టండి. హాష్ అంటే ఆ డిస్క్‌లోని సమాచారానికి వేలిముద్ర లాంటి అంకె. తర్వాత ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో కూడా హాష్ విలువ ఉండాలి. అడగని లాయరు, యెజెబెలు ఉత్తరం చదివి నోరెత్తని ఊరి పెద్దతో సమానం.

ఇప్పుడు మన సంఘాలకు ఒక మాట. పాస్టర్లారా, దాడికి గురైన విశ్వాసి ఎఫ్ఐఆర్‌ను, ఆధార్‌ను, గాయాల ఫోటోలను ప్రార్థన గ్రూపుల్లో ఫార్వర్డ్ చేయడం ఆపండి. ప్రార్థనకు పేరు చాలు, అది కూడా అడిగి పెట్టండి. దేవుడికి ఆధార్ నంబరు అక్కరలేదు. కానీ గ్రూపులోని రెండు వందల మందిలో ఆ నంబరు ఎవరి కోసం చూస్తున్నారో మీకు తెలియదు.

సంఘపెద్దలారా, కన్వెన్షన్ పందిరికీ సౌండు సిస్టానికీ చందాలు వస్తున్నాయి. కొరాపుట్, రాయగడల్లో ఫీజు లేకుండా ఆదివాసీల తరఫున నిలబడే లాయరుకు ఒక మంచి లాప్‌టాప్, యూపీఎస్, రెండు హార్డ్‌డిస్కులు కొనివ్వడానికి ఎందుకు రావు? ఒక్కో సంఘం ఒక్కో ఆఫీసు బాధ్యత తీసుకోవాలని అడుగుతున్నాం. బార్ అసోసియేషన్లనూ అడుగుతున్నాం. ఈ-ఫైలింగ్ నేర్చుకోమన్నవాళ్లు దానికి తాళం వేయడం ఎందుకు నేర్పలేదు?

యువతీ యువకులారా, విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల్లో ఐటీ ఉద్యోగాలు చేస్తున్న మీలో చాలామందికి ఈ పనులు అరగంట విద్య. కంపెనీ డేటా కోసం రోజూ చేస్తున్నదే. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు రెండు రోజులు ఇవ్వండి. విశాఖలో రైలెక్కితే రాయగడ, కొరాపుట్ దూరం కాదు. సువార్త యాత్రకు గిటారు తెచ్చినట్టే ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు తెచ్చుకోండి.

నాబోతు చనిపోయాక ఏలీయా వచ్చాడు, అహాబును నిలదీశాడు. నాబోతు మాత్రం తిరిగి రాలేదు. మనం చనిపోయినవాళ్ల కోసం కొవ్వొత్తులు వెలిగించడం బాగా నేర్చుకున్నాం. బతికున్న నాబోతుల పత్రాలు ఈ రాత్రి ఏ కంప్యూటర్‌లో, ఏ తాళం కింద ఉన్నాయో రేపు ఉదయం వెళ్లి చూద్దాం.