సజ్జా క్యాంపుల అద్దె

షార్జా శివార్లలోని పారిశ్రామిక ప్రాంతం సజ్జాలో అద్దె వ్యాపారానికి ఆధారం లేబర్ క్యాంపులు. జగిత్యాల, నిజామాబాద్, కడప వంటి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో చాలామందికి ఇలాంటి క్యాంపు గదులే ఇళ్లు.

షార్జా ఎమిరేట్ 2024లో కొత్త అద్దె చట్టం తెచ్చింది. ఒప్పందం రాసుకున్న 15 రోజుల్లోగా యజమాని దాన్ని మున్సిపాలిటీలో ధ్రువీకరించుకోవాలి. మొదటి 3 ఏళ్లు అద్దె పెంచకూడదు. అద్దెదారు ఒప్పుకుంటే తప్ప. అద్దె ఎగవేత వంటి కారణాలు లేకుండా ఆ గడువులోపు ఖాళీ చేయించనూ కూడదు. అద్దెదారుకు ఇది గట్టి రక్షణే.

అయితే క్యాంపు గదిలో పడుకునే కార్మికుడు చట్టం దృష్టిలో అద్దెదారు కాడు. యజమానితో ఒప్పందం కంపెనీది. కార్మికులకు ఉచితంగా ఇచ్చే వసతిని చట్టం తన పరిధిలోంచే తప్పించింది. అక్కడ వర్తించేవి కార్మిక శాఖ నిబంధనలు: 50 మంది లేదా అంతకంటే ఎక్కువ పనివారున్న సంస్థ, నెలకు 1,500 దిర్హమ్‌ల లోపు జీతగాళ్లకు వసతి చూపాలి; మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటుండాలి. అంటే ఒక మంచం, దాని పక్కన నడిచే దారి. ఇది చాలా తక్కువ.

కంపెనీ అద్దె కట్టడం మానేస్తే భారం పడేది ఏ సంతకమూ చేయని కార్మికుడిపైనే. జీతం ఆగిన నెలలోనే నీడ కూడా పోవచ్చు. అలాంటి వివాదాల్లో గదిలో ఉంటున్నవారికి ముందస్తు నోటీసు, ప్రత్యామ్నాయ వసతి దక్కేలా చట్టాన్ని సవరించాలి.