సెల్‌ఫోనులో సేనాపతి

తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి వ్రాస్తున్నారు: "మావాడు ఇంజనీరింగు రెండో సంవత్సరం. రాత్రి రెండింటి దాకా సెల్‌ఫోనులో ఆటే. మందలిస్తే, 'నలుగురున్న జట్టును నడుపుతున్నానమ్మా, నాయకత్వం అలవడుతుంది' అంటాడు. మావారేమో ఫోను బావిలో పారేస్తానంటున్నారు. ఎవరి మాట సబబు?"

ఇద్దరి మాటా కొంతవరకు సబబేనమ్మా.

మీ అబ్బాయిది వట్టి బుకాయింపు కాదు. వేలమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటలు నాయకత్వానికి ప్రయోగశాలల వంటివని 2008లో హార్వర్డు బిజినెస్ రివ్యూ పత్రికలో ముగ్గురు పరిశోధకులు వ్రాశారు. ఆ ఆటల్లో పెత్తనం ఎవరికీ శాశ్వతం కాదట. పనిని బట్టి చేతులు మారుతుందట. బీజీఎంఐ ఆటనే చూడండి. నూరుమంది దిగుతారు, చివరిదాకా నిలిచిన జట్టుదే గెలుపు. ఎవరు ముందు నడవాలో, ఎవరు వెనుక కాయాలో క్షణంలో తేల్చి చెప్పాలి. ఇదీ ఒక సాధనే, కాదనను.

అయితే ఆటలో ఓడిపోతే మరుక్షణం మరో ఆట మొదలవుతుంది. బ్రతుకులో అలా కుదరదు గదా! 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలో వచ్చి పడింది. ఆ నీరు సముద్రం చేరాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. లంక గ్రామాల రోడ్లు మునిగి, పడవలే దిక్కైనాయి. అటువంటి వేళ ఉన్న ఒక్క పడవలో ముందు ఎవరిని ఎక్కించాలి? గేదెను విడిచి రానని గట్టుమీద భీష్మించుకున్న ముసలమ్మను ఎలా కదిలించాలి? ఆమె మీట నొక్కితే నడిచే బొమ్మ కాదు. రేపు ఊళ్లో ఎదురుపడి, "నన్నెందుకు వెనకేశావురా?" అని నిలదీస్తుంది. దానికి జవాబు చెప్పుకోగలగడమే నాయకత్వంలో అసలు పాఠం. ఆ పాఠం ఫోనులో లేదు.

కనుక నా సలహా వినండి. ఆట మధ్యలో ఫోను లాక్కోకండి. తక్కిన ముగ్గురినీ నట్టేట ముంచినట్టవుతుంది. ఎన్నింటికి ముగించాలో ముందే వాడితో ఒప్పందం చేసుకోండి. డబ్బు పెట్టే ఆట మాత్రం పనికిరాదని ఖండితంగా చెప్పండి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా ఇ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే పందెపు ఆటలను నిషేధించింది.

ఇక ఇంట్లో ఏ శుభకార్యం వచ్చినా, ఏలూరులో మీ తమ్ముడి గృహప్రవేశమే అనుకోండి, బాధ్యత వాడికి వప్పగించండి. వంటవారితో బేరం, షామియానా, బస్సు దిగే చుట్టాలు, పైసా పైసాకూ లెక్క, అన్నీ వాడివే. పొరపాటు చేస్తే మీరు అడ్డుపడకండి. చుట్టాలే అడుగుతారు, వాడే చెప్పుకుంటాడు.

అలిగి కూర్చున్న పెద్దమామయ్యను బుజ్జగించి విస్తరి ముందుకు తీసుకురాగలిగాడా, వాడి నాయకత్వం గట్టిదేనని మీవారితో నా మాటగా చెప్పండి. అందాకా ఫోను బావిలో పడకుండా చూడండి.