సామానా? సహాయమా? – విమానములలో జంతువుల ప్రయాణము

విమానములో ప్రయాణికుని వెంట పోవు పెంపుడు కుక్క చట్టము దృష్టిలో ఆ ప్రయాణికుని సామానులోనిదే యని ఐరోపా సమాఖ్య న్యాయస్థానము 2025 అక్టోబరు 16వ తేదీన తీర్పు చెప్పినది. 2019లో అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఐరీస్ నుండి బార్సిలోనాకు ఐబీరియా కంపెనీ విమానములో బయలుదేరిన యొక ప్రయాణికురాలు తన కుక్కను, అది క్యాబినులోనికి అనుమతింపరానంత పెద్దదగుటచే, బోనులో నుంచి కంపెనీవారి కప్పగించినది. విమానము కడకు తీసికొనిపోవుచుండగా అది తప్పించుకొని పరుగెత్తినది. మరల దొరకలేదు. ఆమె 5,000 యూరోల పరిహారము కోరినది. కంపెనీవారు తమ బాధ్యతను కాదనలేదు గాని, పోయిన పెట్టెకు చెల్లింపవలసిన గరిష్ఠ మొత్తమును మించి కుక్కకును చెల్లింప నక్కరలేదని వాదించిరి. విమానయాన బాధ్యతలను నిర్ణయించు 1999నాటి మాంట్రియల్ ఒడంబడిక ప్రయాణికులు, సామాను, సరకు అను మూడు తెగలను మాత్రమే యెరుగును. కుక్క ప్రయాణికుడు కాజాలదు గావున సామానే యని న్యాయమూర్తులు తేల్చిరి. జంతువుల క్షేమమును ప్రయాణమున పాటింపవలసినదే యనియు, అయినను అంతమాత్రమున అవి సామాను కాకుండ పోవనియు వారి యభిప్రాయము.

ఈ తీర్పు చదివి మనసు నొచ్చుకొనువారు పెక్కుమంది యుందురు. మాకు మాత్రము తర్కమున దోషము కనబడలేదు. సామానునకు విశేషమైన విలువ గలదని ప్రయాణమునకు ముందే ప్రకటించి, అధిక రుసుము చెల్లించినచో, ఆ గరిష్ఠ పరిమితి వర్తింపదని అదే ఒడంబడికలో నున్నది. ఆ ప్రయాణికురాలు అట్టి ప్రకటన చేయలేదు. మన దేశమును 2009లో ఆ ఒడంబడికలో చేరినది గావున, హైదరాబాదు నుండి విదేశములకు పెంపుడు జంతువులను తీసికొనిపోవువారు ఈ యంశమును గుర్తుంచుకొనుట మంచిది.

అయితే ఈ తీర్పు తాకని ప్రశ్న యొకటి మిగిలియున్నది. గ్రుడ్డివానిని వీధి దాటించు కుక్క యెవరి సామాను? మూర్ఛ వచ్చుటకు ముందే పసిగట్టి యజమానుని హెచ్చరించు కుక్క, చక్రముల కుర్చీలోని వానికి క్రిందపడిన వస్తువు నందించు కుక్క, ఇవి ముద్దుకొరకు పెంచుకొన్నవి కావు. వీనిని విడదీసినచో ఆ మనుష్యుని ప్రయాణమే ఆగిపోవును. విమానములలో జంతువుల నియమములను గూర్చి నేడు లోకమున సాగుచున్న తగవంతయు, ముద్దునకును అవసరమునకును నడుమ గీత నెచ్చట గీయవలె నన్న దానిమీదనే యున్నది.

మార్గదర్శక శునకముల సంప్రదాయము యుద్ధము నుండి పుట్టినది. మొదటి ప్రపంచ యుద్ధమున కన్నులు పోయిన సైనికులకొరకు 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గున ఒక శిక్షణశాల వెలసినది. 1929లో అమెరికాలో 'సీయింగ్ ఐ' అను సంస్థ స్థాపితమైనది. విమానములలో అంగవైకల్యము గలవారియెడ వివక్ష చూపరాదని అమెరికా 1986లో చట్టము చేసినది. ఆ చట్టము నీడలో సహాయక జంతువునకు క్యాబినులో యజమానుని పాదములకడ, రుసుము లేకుండ, చోటు లభించినది.

ఇంతవరకు బాగుగనే యున్నది. చిక్కు వచ్చినది 'మానసిక ఆలంబన' జంతువులతో. మనోవ్యాధితో బాధపడువానికి తన పిల్లియో కుక్కయో ప్రక్కనున్నచో ధైర్యము కలుగునని వైద్యు డొక లేఖ వ్రాసి యిచ్చినచో, ఏ శిక్షణయు లేని యా జంతువును సహాయక జంతువువలెనే ఉచితముగా తీసికొనిపోవలసి వచ్చెను. మామూలు పెంపుడు జంతువునకు క్యాబినులో ఒక వైపు ప్రయాణమునకు కంపెనీలు నూరు డాలర్లకు అటునిటు వసూలు చేయుచుండ, లేఖ చూపినవానికి ఏమియు లేదు. తక్కినది పాఠకులు ఊహింపగలరు. డబ్బు గట్టి, నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసినచో లేఖ నింటికి పంపు వ్యాపారములు ఇంటర్నెట్టులో వెలసినవి. ఇట్టి జంతువులు 2016లో 4,81,000 కాగా, 2017లో 7,51,000 అయినవని అచ్చటి విమాన కంపెనీల సంఘము లెక్క చెప్పినది. ఒక్క యేడాదిలో అమెరికనుల మనోధైర్యము అంతగా సన్నగిల్లినదని మేము నమ్మజాలము.

2017 జూనులో అట్లాంటాలో, బయలుదేరుటకు సిద్ధముగా నున్న డెల్టా విమానములో, ఇట్టి 'ఆలంబన' కుక్క యొకటి ప్రక్క ఆసనమునందలి వాని ముఖమును కరచి గాయపరచినది. 2018 జనవరిలో నూవార్క్ విమానాశ్రయమున ఒకరు నెమలిని వెంటబెట్టుకొని రాగా, యునైటెడ్ కంపెనీవారు ఎక్కనీయలేదు. మన జాతీయ పక్షికి ఇంతటి ఖ్యాతి ఈ విధముగ కలుగునని యెవరును తలపలేదు గదా! లోకము నవ్వినది. కాని ఆ నవ్వుయొక్క భారము పడినది మాత్రము నిజమైన అంధుని మీద. నిన్నటి విమానములో ఎవరి కుక్కయో మొరిగి, కరచి, నేల పాడుచేసినచో, నేడు శిక్షణ పొందిన కుక్కతో వచ్చినవానిని సిబ్బంది అనుమానముతో చూచిరి; పరుల కుక్కలు తన కుక్కపై బడి దాని శిక్షణను చెడగొట్టునేమో యని యతడు భయపడవలసివచ్చెను. అక్కరలేనివాడు అక్కరగలవాని పేరు వాడుకొనుటచే కలుగు నష్టమునకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు. మన యూళ్లలో తెల్లకార్డుల సంగతి ఎరిగినవారికి దీనిని వివరింప నక్కరలేదు.

తుదకు అమెరికా రవాణా శాఖ 2020 డిసెంబరులో నియమములను సవరించినది. అవి 2021 జనవరి 11 నుండి అమలునకు వచ్చినవి. సహాయక జంతువనగా కుక్క మాత్రమే. అదియును, అంగవైకల్యము గలవానికొరకు ఒక నిర్దిష్టమైన పనిని చేయుటకు ప్రత్యేకముగా శిక్షణ పొందినదై యుండవలెను. మనోవైకల్యము గలవాని శిక్షిత శునకమునకు అంధుని శునకముతో సమాన హోదా లభించినది, ఇది న్యాయమే. కేవల మానసిక ఆలంబన జంతువును మాత్రము ఇకమీదట పెంపుడు జంతువుగా నెంచుటకు కంపెనీలకు స్వేచ్ఛ యిచ్చిరి. కుక్క ఆరోగ్యము, నడవడి, శిక్షణలను గూర్చి ప్రయాణికుడే ఒక ప్రభుత్వ పత్రమున వ్రాసి సంతకము చేయవలెను. ముందుగనే టిక్కెట్టు కొన్నవానిని 48 గంటల ముందు దాని నిమ్మని కంపెనీ అడుగవచ్చును. ఎనిమిది గంటలు, అంతకుమించిన ప్రయాణమైనచో, కుక్క మలమూత్రములచే విమానమును పాడుచేయదని వేరొక పత్రము. అబద్ధము వ్రాసినచో శిక్ష గలదు. కుక్క జాతిని బట్టి మాత్రము నిరాకరింపరాదు. దాని నడవడిని బట్టియే చూడవలెను.

ఈ సవరణ మొత్తముమీద మంచిదే. అయినను అందొక యన్యాయము మిగిలియున్నది. మోసగించినది ఒకరు, పత్రములు నింపుట మరియొకరు. పదేండ్లుగా ఏ పేచీయు లేక తిరుగుచుండిన అంధుడు ఇప్పుడు ప్రయాణము ప్రయాణమునకు తన నిజాయితీని వ్రాతమూలముగా నిరూపించుకొనవలసి యున్నది. పైగా శిక్షణను ధ్రువపరచు ప్రభుత్వ వ్యవస్థ యేదియు అచ్చట లేదు. వ్రాసినవాని మాటయే ప్రమాణము. ఐరోపావారు మొదటినుండియు వేరు త్రోవ నడచిరి. వారి 2006నాటి నిబంధన 'గుర్తింపు పొందిన సహాయక శునకము' ననే క్యాబినులోనికి అనుమతించుచున్నది. బ్రిటనునకు విమానములో వచ్చు పెంపుడు జంతువులు సరకుగానే రావలెను. సహాయక శునకములకు మాత్రము మినహాయింపు గలదు. గుర్తింపు నిచ్చునది శిక్షణ సంస్థయైనపుడు, ప్రతి ప్రయాణమున యజమానుని శంకించు పని తగ్గును.

స్వర్గమునుండి దిగివచ్చిన రథము నెక్కుటకు కుక్కను విడువ నన్న ధర్మరాజు కథ మనవారందరు నెరిగినదే. కాని ధర్మరాజునకు కన్నులు కనబడుచుండెను, అతనిది కరుణ. మేము చెప్పుచున్నది కరుణను గూర్చి కాదు, హక్కును గూర్చి.

మన దేశమున ఆ హక్కు ఎంతవరకు వచ్చినది? 2012లో మస్తిష్క పక్షవాతము గల జీజా ఘోష్ గారిని కలకత్తాలో స్పైస్‌జెట్ విమానమునుండి దింపివేసిరి. నాలుగేండ్ల తరువాత, 2016 మే నెలలో, సుప్రీముకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహార మిప్పించి, అంగవైకల్యము గలవారికి కావలసినది జాలి కాదు, గౌరవమని స్పష్టపరచినది. అయినను 2022 మే నెలలో రాంచీలో ఇండిగోవారు ఒక బాలుని విమానమెక్కనీయలేదు. విమానయాన శాఖాధికారులగు డీజీసీఏ వారు ఆ కంపెనీకి 5 లక్షలు జరిమానా విధించి, ఆ యేడు జులైలో నియమమును సవరించిరి. ప్రయాణికుని ఆరోగ్యము చెడునని కంపెనీ తలంచినచో, తనంత తాను నిర్ణయింపక, వైద్యునిచే పరీక్ష చేయించి, అతని యభిప్రాయముపై నడువవలెను. మనుష్యుని సంగతియే ఇన్ని తగవులతో ఒక దారికి వచ్చినపుడు, అతని కుక్క సంగతి యేమి కావలెను?

నేడు మన యాకాశమున మిక్కిలి పెద్దదగు ఇండిగో, పెంపుడు జంతువులను తీసికొనదు. అంగవైకల్యము గలవాని సహాయక శునకమును మాత్రము అంగీకరించుచున్నది. ఎయిర్ ఇండియా పెంపుడు జంతువులను చిరకాలముగా తీసికొనుచున్నది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుండి ఆరంభించి, తొలుత బోనుతో కలిపి 7 కిలోల వరకు క్యాబినులో అనుమతించినది. ముద్దుల కుక్క విషయమున కంపెనీకొక రీతి యుండుట మాకు అభ్యంతరము కాదు. అది వ్యాపారము, రుసుమును, బరువును వారే నిర్ణయించుకొందురు గాక. రైలులో మొదటి తరగతి గది నంతయు తీసికొన్నవానికి కుక్కను వెంట నుంచుకొనుటయు, తక్కినవానికి గార్డు పెట్టెలోని గూడును చిరకాలముగా నున్నవే. కాని సహాయక శునకము విషయమునను కంపెనీకొక షరతు, ఒక కాగితము ఉన్నచో, వెళ్లునప్పుడు ఎక్కనిచ్చిన కుక్కను మరలునప్పుడు వేరొక కంపెనీ ఎక్కనీయకపోవచ్చును. మన దేశమున మార్గదర్శక శునకములు మిక్కిలి అరుదగుటచే ఈ చిక్కు పైకి కనబడుటలేదు. అరుదగుటకు అట్టి నిశ్చయము లేకపోవుటయు నొక కారణమే. బస్సు, రైలు, విమానము రానీయవేమో యని సందేహమున్న కుక్కకు నెలల తరబడి శిక్షణ యిప్పించుట కెవరు పూనుకొందురు?

సామాను అరలో పోవు జంతువులను గూర్చి ఒక మాట. ఆ యరలో గాలి యొత్తిడియు, వేడిమియు అదుపులో నుండుమాట నిజమే. అయినను చప్పిడి ముక్కు కుక్కలు శ్వాసకు తడుముకొనును గావున అనేక కంపెనీలు వానిని అచ్చట తీసికొనవు. మత్తుమందు పెట్టి పంపుట క్షేమమని కొందరు తలంతురు; అంతర్జాతీయ విమాన సంఘముయొక్క జంతు నియమావళి దానిని ప్రోత్సహింపదు. బోనులో జంతువు నిలువబడి, తిరిగి, పండుకొన గలుగవలెనని ఆ నియమావళి చెప్పును. 2018 మార్చిలో హూస్టనునుండి న్యూయార్కునకు పోవు యునైటెడ్ విమానములో, సిబ్బంది మాటపై తల మీది సామాను అరలో పెట్టిన చిన్న కుక్క యొకటి చనిపోయినది. క్యాబినులో నున్నంత మాత్రమున క్షేమమని తలపరాదు.

అమెరికాలో నున్న మన తెలుగువారికి ఈ నియమములు మరియొక వైపు నుండి తగులుచున్నవి. తలిదండ్రులతో పాటు ఇంటి కుక్కనుగూడ తీసికొనిపోదమనుకొను కుటుంబములు గలవు. కుక్క రేబిస్ హెచ్చుగా నున్న దేశముల జాబితాలో భారతదేశమును చేర్చి అమెరికా ఆరోగ్యశాఖవారు 2021 జులైలో అట్టి దేశముల కుక్కల రాకను తాత్కాలికముగా నిలిపివేసిరి. 2024 ఆగస్టు 1 నుండి క్రొత్త నియమములు వచ్చినవి. కుక్కకు ఆరు నెలలు నిండియుండవలెను, మైక్రోచిప్ ఉండవలెను, మన దేశమున టీకా వేయించినచో దానికి ధ్రువపత్రము, రక్తపరీక్ష, ఆ వసతిగల కొలది విమానాశ్రయములలోనే దిగి అచ్చటి పశుసంరక్షణశాలలో పరీక్ష చేయించుట అవసరము. దీనిని జాతికి అవమానముగా నెంచువారితో మేము ఏకీభవింపము. ప్రపంచమున ఈ వ్యాధిచే చనిపోవువారిలో మూడవవంతునకు పైగా మన దేశమువారే యని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా వేయుచున్నపుడు, పొరుగువాని గుమ్మముకడ కోపపడి ప్రయోజనము లేదు; మన మునిసిపాలిటీల టీకాల లెక్కలు చూచుకొనవలెను. అచ్చటినుండి మరలి వచ్చువారు సయితము శంషాబాదున దిగుటకు ముందే జంతు క్వారంటీను విభాగమువారి నిరాక్షేప పత్రమును పొందవలెను.

డీజీసీఏ వారు ఈ యదనున చేయవలసిన పని స్వల్పమే. సహాయక శునకమనగా నేమో నిర్వచింపవలెను. అందు మానసిక ఆలంబనను చేర్పరాదు. శిక్షణనిచ్చిన సంస్థ గుర్తింపునే ప్రమాణముగా గ్రహింపవలెను. దేశమంతటను అన్ని కంపెనీలకు ఒక్కటే పత్రము, ఒక్కసారి నింపినచో ఏడాదికి చెల్లునట్లు, తెలుగు మొదలగు దేశభాషలలోను, అంధులు చదువుకొన గలుగు బ్రెయిలీ లిపిలోను ఉండవలెను. నిరాకరించిన కంపెనీ కారణమును అప్పటికప్పుడు వ్రాసి యీయవలెను. ఇందుకు పార్లమెంటులో క్రొత్త చట్టము చేయ నక్కరలేదు. 2022లో రాంచీ సంగతి జరిగిన రెండు నెలలకే సవరించిన ఆ నియమావళినే మరియొకసారి సవరించినచో చాలును.