ఫైటర్ చేపకు ఫాకా పెట్టొచ్చా?



మా చీపురుపల్లిలో తెలిసినవాళ్ల ఇళ్లలో ఈ మధ్య చేపల తొట్టెలు పెరిగాయి. పిల్లలు జిద్ చేస్తే విజయనగరమో, వైజాగో వెళ్లినప్పుడు ఒక ఫైటర్ చేపను కొనుక్కొస్తున్నారు. వారం తిరక్కుండానే అందరిదీ ఒకటే షికాయత్. దుకాణంలో ఎర్రపురుగులు మింగిన చేప ఇంట్లో డబ్బా గింజలు ముట్టదు. ముట్టినా నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. దానికి చెప్పే మష్వరా కూడా ఒకటే: "వారం రోజులు ఫాకా పెట్టండి, ఆకలేస్తే అదే తింటుంది."

ఈ మష్వరా నాకు నచ్చదు.

బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న పిల్లి హదీసు మన పిల్లలకు మక్తబ్‌లోనే చెబుతారు. పిల్లిని బంధించిన ఆ స్త్రీ మీదికి అజాబ్ ఎందుకొచ్చింది? తాను తిండి పెట్టలేదు, అది బయట తిరిగి తన రిజ్క్ తాను వెతుక్కునే దారీ ఇవ్వలేదు. గాజు తొట్టెలో చేప హాలతూ అదే. థాయ్‌లాండ్ వైపు వరిమడుల్లో, నీటి గుంటల్లో దోమ లార్వాలు, చిన్న పురుగులు పట్టుకు తినే జాతి అది. ఆ దారి మనమే మూసేసి, మనం వేసిన గింజ తినలేదని ఆకలితో మాడ్చడం జుల్మే. పైగా ఇంట్లో పిల్లలు చూస్తుంటారు. మాట వినని చిన్న ప్రాణాన్ని ఆకలితో లొంగదీయవచ్చనే సబఖ్ వాళ్లకు అందుతోంది.

పెంచడమే తప్పనడం లేదు. అబూ ఉమైర్ అనే చిన్న పిల్లవాడి పిట్ట చనిపోతే రసూలుల్లాహ్ (స) వాణ్ణి ప్రేమగా పలకరించిన సంగతి కూడా హదీసుల్లోనే ఉంది. ఇక "చెరువులో వదిలేద్దాం, సవాబ్ వస్తుంది" అనేవాళ్లున్నారు. అది అసలే వద్దు. అక్వేరియం తొట్టెల్లోంచి బయటపడిన దెయ్యం చేప మన ఆంధ్రా చెరువుల్లో రైతుల్ని ఏడిపిస్తూనే ఉంది. తెచ్చుకున్నాక ఆ చేప మన అమానత్.

అలాగని జీవితాంతం ఎర్రపురుగులే పెట్టమని కాదు. ట్యూబిఫెక్స్ పురుగు మురుగునీటి బురదలో పెరుగుతుంది, దాంతోపాటు జబ్బులూ తొట్టెలోకి వస్తాయి. మన ఊళ్లో అవి రోజూ దొరకవు కూడా. పొడి మేతకు అలవాటు చేయాల్సిందే. మారాల్సింది తరీఖా.

ముందు అది నఖ్రానా, మరొకటా చూడండి. ఈ చేపకు 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి, చలికాలం నీళ్లు చల్లబడితే ఆకలి చచ్చిపోతుంది. ఒంటిమీద తెల్ల చుక్కలు, ముడుచుకున్న రెక్కలు ఉంటే అది బీమారీ. గింజ దాని కంటికన్నా పెద్దదైతే మింగలేక ఉమ్మేస్తుంది. డబ్బా తెరిచి ఏడాదైందా? ముక్క వాసనొచ్చే అటుకులు మీరు తింటారా?

కొర్రమీను హేచరీల్లో ఈ పని పెద్ద ఎత్తున చేస్తారు. కదిలేదాన్ని పట్టి తినే చేప అది, ఆకలేస్తే పక్కనున్న సొంత తమ్ముణ్ణే మింగుతుంది. అందుకే ఆ పిల్లలకు మొదట బతికున్న మేత పెట్టి, కొద్దికొద్దిగా మేత ముద్ద కలుపుతూ, వారాల తరబడి కూర్చుని గింజకు తెస్తారు. లాభం కోసం పెంచేవాళ్లకే అంత సబర్ ఉంది మరి.

ఇంట్లోనూ అంతే. ఫ్రీజర్‌లో దాచే బ్లడ్‌వార్మ్ ముక్కను కరిగించి, ఆ రసంలో రెండు గింజలు కాసేపు నానబెట్టండి. పురుగు వేసిన వెంటనే గింజ వేయండి. ఫైటర్ నీటి పైభాగాన తినే చేప, కదలికను చూసి తిండిని గుర్తుపడుతుంది. కాబట్టి అగరుబత్తి పుల్లతో గింజను కొంచెం కదపండి. ఐదు నిమిషాల్లో తినకపోతే తీసేయండి, కుళ్లితే అమ్మోనియా పుట్టి నీళ్లు విషమవుతాయి. ఫజర్ తర్వాతో, అసర్ తర్వాతో, రోజూ ఒకే వేళకు పెట్టండి. పురుగు తగ్గిస్తూ గింజ పెంచండి. మూడు నాలుగు వారాలు పట్టినా పట్టవచ్చు. అప్పటికీ ఒప్పుకోకపోతే ఫ్రీజర్ పురుగే పెట్టండి. ఆ ఖర్చు కొన్నవాళ్ల జిమ్మేదారీ.

ఎదిగిన, తందురుస్తీగా ఉన్న చేప ఒకటి రెండు రోజులు తినకపోతే ఏమీ కాదు, ఆ మాట నిజమే. కాబట్టి ఈద్‌కి నానిహాల్ వెళ్తూ సగం డబ్బా తొట్టెలో గుమ్మరించకండి, ఆ కుళ్లే దాన్ని చంపుతుంది. ఎక్కువ రోజులైతే పక్కింటి ఖాలాకు తాళం ఇచ్చి, రోజుకిన్ని గింజలని లెక్కపెట్టి పొట్లాలు కట్టి మరీ ఇవ్వండి.