శోభి వేరు, బొల్లి వేరు

మనకి వంకాయల్లో ఎన్ని రకాలో అన్ని పేర్లూ తెలుసు. పట్టుచీర అంచు చూసి ఏ ఊరిదో ఆమడ దూరం నుంచే చెప్పేస్తాం. కానీ ఒంటిమీద తెల్లమచ్చ కనబడిందా, శోభి, బొల్లి, కుష్ఠు అన్నిటినీ ఒకే గాటకి కట్టేస్తాం! ఈ నిర్లక్ష్యం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

శోభి అంటే ఏమిటి? మామూలుగా అందరి చర్మంమీదా ఉండే ఒక రకం బూజు, ఉక్కకీ చెమటకీ ఎక్కువై మెడమీదా వీపుమీదా వేసే మచ్చ. గోటితో గీకితే సన్నటి పొట్టు రాలుతుంది. మందు రాస్తే తగ్గుతుంది. రంగు తిరిగి రావడానికి మాత్రం కొన్ని నెలలు పట్టొచ్చు. బొల్లి అలా కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలే అక్కడ నశించిపోతాయి. పొట్టు రాలదు. పాలలాంటి తెలుపు. ముట్టుకున్నా, కలిసి తిన్నా, కాపురం చేసినా ఒకరినుంచి ఒకరికి అంటదు.

పేర్లు కలగలిస్తే కొంప మునిగిందా అంటారా? మునుగుతోంది కనుకే ఈ గోల. పిల్ల మెడమీద శోభి చూసి "బొల్లేమో" అని ఒకావిడ గుసగుసలాడితే చాలు, వీధి చివరికి చేరేసరికి అది "తెల్లకుష్ఠు" అయి కూర్చుంటుంది. సంబంధం తప్పిపోతుంది. అదే మచ్చ పెళ్ళికొడుక్కి ఉంటే, "మగాడికి మచ్చేమిటండీ, ఉద్యోగం చూడండి" అంటారు!

అసలు కుష్ఠు సూక్ష్మజీవి వల్ల వచ్చేది. ఆ మచ్చలో స్పర్శ తగ్గిపోతుంది. బొల్లిమచ్చలో స్పర్శ నిక్షేపంలా ఉంటుంది. ఆ మాటకొస్తే కుష్ఠుకీ మందుంది, నయమవుతుంది. విడాకులకి అదొక కారణమన్న మాటని 2019లో పార్లమెంటు హిందూ వివాహ చట్టంలోంచి తీసేసింది. చట్టం మారినా మన పెరటిగోడ కబుర్లు మారవా?

"అయితే పెళ్ళికి ముందు దాచమంటారా?" అని మీరు అడగొచ్చు. దాచమనడం లేదమ్మా, సరైన పేరుతో చెప్పమంటున్నాను. లోకానికి జడిసి బొల్లిని "శోభేలెండి" అని సర్దేసే తల్లులూ ఉన్నారు. ఆ సర్దుబాటులో పోయేది వైద్యానికి పనికొచ్చే మొదటి రోజులే. చర్మవైద్యుడి దగ్గరికి ముందుగా వెళ్తే మచ్చ పాకకుండా ఆపే అవకాశం ఎక్కువ.

అందుకే ఈసారి ఎవరైనా "తెల్లకుష్ఠు" అంటే ఊరుకోకండి. "కాదండీ, బొల్లి. అంటదు" అని అక్కడే గట్టిగా చెప్పండి. ఒక పిల్ల బతుకు నిలబడుతుంది.